వయోజనులు – పరభాషాభ్యసనము: కీలకకాల వాదమున కొక విమర్శ

పసివాడు నాలుగైదేండ్ల ప్రాయము వచ్చులోపల తన యింటి భాషను, ఎవరును కూర్చుండబెట్టి బోధింపకయే, వశపరచుకొనుచున్నాడు. చదువును, లోకానుభవమును, పట్టుదలయు గల అతని తండ్రి ఉద్యోగరీత్యా పొరుగు రాష్ట్రమునకు పోయి పదియేండ్లు కాపురముండి, అచ్చటి భాషలో సంతలో బేరమాడుటకును, కార్యాలయమున పని జరుపుకొనుటకును శక్తుడై యుండియు, రెండవ వాక్యము ముగియకమునుపే పైవాడని గుర్తింపబడుచున్నాడు. తక్కిన విద్యలయందెల్ల పెద్దవాడు పిన్నవానిని మించుచుండగా, ఈ యొక్క విద్యయందు మాత్రము వ్యవహారము తలక్రిందగుటకు హేతువేమి?

లోకము దీనికి చెప్పు సమాధానము 'వయసు మీరినది' అని. మొక్కై వంగనిది మ్రానై వంగునా అను సామెత అందుకు ప్రమాణము. శాస్త్రలోకమున ఈ సమాధానమే మరింత పదును దేరి 'కీలకకాల వాదము'గ ప్రసిద్ధికెక్కినది. ఆ వాదమున సత్యము లేకపోలేదు. కాని ఆ సత్యమునకు మేరలేవో నిర్ణయింపకయే దానిని సంపూర్ణముగ నంగీకరించుటవలన పరభాషీయులకు తెలుగు నేర్పు పనికి హాని కలుగుచున్నదని నా యభిప్రాయము. ఆ వాదమును, దానికి ఆధారముగ చూపబడిన పరిశోధనలను, తెలుగు నేర్వబూనిన పరభాషీయుల చరిత్రతోడను, పరభాషను నేర్చిన ఒక తెలుగు పండితుని చరిత్రతోడను సరిచూచుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

1

మొదట వాదస్వరూపము. మెదడు శస్త్రచికిత్సలో ప్రఖ్యాతులైన వైల్డర్ పెన్‌ఫీల్డ్, లామర్ రాబర్ట్స్‌తో కలిసి 1959లో ప్రకటించిన గ్రంథమున, బాల్యమున మెదడునకు గల మార్దవము తొమ్మిదవ యేటి పిమ్మట క్రమముగ తగ్గిపోవుననియు, భాషలు నేర్పుటకు తగిన కాలము అంతకు ముందేననియు వాదించిరి. ఎరిక్ లెన్నెబర్గ్ 1967లో ఈ యూహకు జీవశాస్త్రపు పునాది వేసిరి. భాష సహజముగ నలవడునది సుమారు రెండవ యేటి నుండి యౌవనారంభము వరకేననియు, మెదడు రెండు అర్ధగోళములలో భాషావ్యాపారము ఒక పార్శ్వమున స్థిరపడుటతో ఆ ద్వారము మూతపడుననియు వారి సిద్ధాంతము.

ఈ సిద్ధాంతమును ఉదాహరించువారు రెండు సంగతులను తరచుగ విడిచిపెట్టుదురు. లెన్నెబర్గ్ ప్రధానముగ చర్చించినది మాతృభాషను గూర్చి. ద్వితీయ భాష ప్రస్తావన వచ్చినపుడు, నలువదేండ్లవాడును పరభాషలో వ్యవహరించుట నేర్వగలడని వారే యొప్పుకొనిరి. ఇక వారు ఆధారముగ గొన్న పార్శ్వ స్థిరీకరణము యౌవనమునకు చాల ముందుగ, సుమారు అయిదవ యేటికే, ముగియునని 1973లో స్టీఫెన్ క్రాషెన్ అదే సామగ్రిని పునఃపరిశీలించి చూపిరి. కావున వాదమునకు మూలమని చెప్పబడిన శారీరక కారణము మొదటనే సడలినది. మిగిలినది అనుభవసిద్ధమగు విషయము: పెద్దలలో పలువురు పరభాషను సంపూర్ణముగ పట్టుకొనలేకున్నారనునది. దానికి కారణము వేరుగ వెదుకవలసియున్నది.

2

భాష ఏకఖండమగు వస్తువు కాదు. వర్ణములు, వ్యాకరణము, పదసంపద, సంభాషణమర్యాద అను పొరలతో నిర్మితమైనది. వయసు ప్రభావము ఈ పొరలన్నిటియందును సమానముగ నున్నదా అను ప్రశ్న వేసికొన్నచో వాదము బలాబలములు తేటపడును.

వర్ణముల విషయమున మనకు మిక్కిలి సన్నిహితమైన పరిశోధన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు 1984లో ప్రకటించినది. హిందీలోని దంత్య తకారమును మూర్ధన్య టకారమును ఆంగ్లభాషా కుటుంబములలోని శిశువులకు వినిపించి చూడగా, ఆరు మొదలు ఎనిమిది నెలల శిశువులు ఆ భేదమును గుర్తించిరి. పది పండ్రెండు నెలల శిశువులలో గుర్తింపగలవారు అరుదైరి. అదే వయసున హిందీ యిండ్లలోని శిశువులకు ఆ శక్తి నిలిచియున్నది. ఈ భేదము తెలుగునకును ప్రాణము. 'పాత'కును 'పాట'కును, 'కోత'కును 'కోట'కును గల అంతరమంతయు దీనిపైననే నిలిచియున్నది. తెలుగు నేర్చు ఆంగ్లేయుడు ఈ రెంటిని ఒక్కటిగ వినుటకు కారణము అతని నలువదేండ్ల ప్రాయము కాదు. మొదటి పుట్టినదినమునకు ముందే అతని చెవి ఆంగ్లమునకు అనువుగ దిద్దుకొని, అక్కరలేని భేదములను ప్రక్కకు నెట్టివేసినది. అట్లయినచో ద్వారము యౌవనమున మూతపడుననుట పొసగదు. ఒక ద్వారము కాదు, పెక్కు ద్వారములు కలవు; అవి వేర్వేరు వేళల మూతపడుచున్నవి.

మూతపడినవియైనను గడియ బిగిసినవి కావు. జపాను దేశీయులకు ఆంగ్లములోని రకార లకారముల భేదము వినుట నేర్పిన ప్రయోగములు 1991లో ప్రకటింపబడినవి. పెక్కుమంది కంఠస్వరములలో, పెక్కు పదములలో వినిపించి, తప్పొప్పులను వెంటనే తెలుపుచు సాధన చేయించినపుడు వయోజనుల చెవియు మెరుగుపడినది. సాధన చేయింపని చెవి వినకుండుట వేరు, వినజాలకుండుట వేరు.

3

వ్యాకరణ విషయమున పరిశోధనలు పరస్పర విరుద్ధములుగ తోచును. 1989లో జాక్విలిన్ జాన్సన్, ఎలిస్సా న్యూపోర్ట్ అనువారు, మూడేండ్లు మొదలు ముప్పదితొమ్మిదేండ్ల వరకు గల వివిధ వయసులలో అమెరికా చేరిన 46 మంది కొరియా, చీనా భాషీయులకు ఆంగ్లవాక్యములను వినిపించి తప్పొప్పులు నిర్ణయింపుమనిరి. ఏడేండ్లలోపు చేరినవారు ఆ దేశపువారితో సమానముగ నిలిచిరి. ఆ పిమ్మట వయసు పెరిగినకొలది సామర్థ్యము తగ్గినది. యౌవనము దాటి చేరినవారిలో మాత్రము వయసునకును ఫలితమునకును పొత్తు కుదరలేదు; ఒకరు బాగుగ, ఒకరు హీనముగ, తలకొక విధముగ నుండిరి. కీలకకాల వాదులు మొదటి యంశమును చాటుదురు. చివరి యంశము వారిచే చాలినంతగ చర్చింపబడలేదు. వయసొక్కటియే కారణమైనచో పెద్దలలో ఇంత వైవిధ్యమేల?

డేవిడ్ బర్డ్‌సాంగ్, మిషెల్ మోలిస్ అనువారు 2001లో ఇదే పరీక్షను స్పానిష్ మాతృభాషగ గలవారికి జరిపి, పెద్దవయసున చేరినవారిలోను దేశీయులకు తీసిపోనివారు కొందరుండిరని చూపిరి. 2003లో కెంజీ హకూటా ప్రభృతులు అమెరికా జనాభా లెక్కలనుండి 23 లక్షల మంది వలసదారుల వివరములను పరిశీలింపగా, వయసుతో ఆంగ్లసామర్థ్యము మెల్లమెల్లగ తగ్గుచు వచ్చెనేగాని, ఒక్క వయసున హఠాత్తుగ విరిగిపడిన జాడ కానరాలేదు. చదువు ఎక్కువైనకొలది సామర్థ్యమును హెచ్చినది. దీనికి ప్రతిగ 2018లో జాషువా హార్ట్‌షోర్న్, జోషువా టెనెన్‌బామ్, స్టీవెన్ పింకర్ అనువారు అంతర్జాలముద్వారా సుమారు 6,70,000 మంది సమాధానములు సేకరించి, వ్యాకరణము నేర్చు శక్తి 17.4 ఏండ్ల వరకు ఇంచుమించు తగ్గక నిలిచి, పిదప క్షీణించునని తేల్చిరి. ఆ వయసు తొలి వాదులు చెప్పిన తొమ్మిదేండ్లకును, యౌవనారంభమునకును ఎంతో దూరము. అది మెదడు మార్పునకు గుర్తో, చదువు ముగించి ఉద్యోగమునకో సంసారమునకో పోవు వయసునకు గుర్తో నిర్ణయించుట కష్టమని ఆ పరిశోధకులే అంగీకరించిరి.

ఇంకొక సంగతి. నెదర్లాండ్సునకు చేరి డచ్చి నేర్చుచున్న ఆంగ్లభాషీయులను కాథరిన్ స్నో, మరియన్ హూఫ్‌నాగెల్-హోలె అనువారు పరిశీలించి 1978లో ఫలితములను ప్రకటించిరి. తొలి నెలలలో త్వరగ ముందుకు సాగినవారు పండ్రెండు పదునైదేండ్ల బాలురును, పెద్దలును; మూడు నాలుగైదేండ్ల శిశువులు అందరికంటె వెనుకబడిరి. పెద్దవాడు మొదట వేగముగ పోవును. చిన్నవాడు తుదకు దూరము పోవును. పెద్దవానికి నేర్చుశక్తి లేదనుట దీనిచే నిరస్తమైనది. విచారింపవలసిన ప్రశ్న అతడు మార్గమధ్యమున ఎందుకు నిలిచిపోవుచున్నాడనునది.

4

తెలుగు నేర్చువారిని దగ్గర నుండి చూచినవారికి మొదట తోచు సమాధానము, అతని తలలో అప్పటికే ఒక భాష కాపురముండుట. సమవయస్కులైన వేర్వేరు భాషలవారిని పోల్చినచో ఇది స్పష్టపడును.

'మనము' 'మేము' అను భేదమును గొనుడు. ఆంగ్లమునను హిందీలోను దీనికి ఒక్కటే సర్వనామము. ముప్పదియేండ్ల హిందీభాషీయుడు తన సామాను సర్దుకొనుచు, ఇంటివారితో "మనం రేపు వెళ్లిపోతాం" అని చెప్పి వారిని కలవరపెట్టును. అదే వయసు తమిళునికి ఆ తప్పు రాదు. ఆ భేదము అతని భాషలో నున్నది. కన్నడిగునకు మరల వచ్చును. నేటి కన్నడమున ఆ భేదము లేదు. ఇక సరళపరుషముల విషయమున తమిళుడు తడబడును. 'గుడి'కిని 'కుడి'కిని గల భేదము అతని మాతృభాషలో అర్థభేదకము కాదు. కన్నడిగునకు హిందీవానికి అది చిక్కే కాదు. నలుగురి వయసు ఒక్కటే. తప్పులు మాత్రము ఎవరివి వారివి. వయసు కారణమైనచో తప్పులును ఒక్కటిగ నుండవలెను గదా.

వాక్యనిర్మాణమునను ఇంతే. "నాకు తెలుసు", "నాకు జ్వరంగా ఉంది" అనుచోట్ల అనుభవించువానిని చతుర్థి విభక్తితో చెప్పు పద్ధతి ఆంగ్లేయునకు వింత. అతడు "నేను తెలుసు" అనును. హిందీవానికి ఇది సుపరిచితము. కాని "ఆయన డాక్టరు" అను క్రియలేని వాక్యము హిందీవానికి, ఆంగ్లేయునకు ఉభయులకును అసంపూర్ణముగ తోచును. వారు "ఆయన డాక్టరు ఉన్నారు" అని పూరింతురు. "నిన్న వచ్చిన మనిషి" అనదగుచోట హిందీభాషీయుడు "ఏ మనిషి నిన్న వచ్చాడో ఆ మనిషి" అనుట నేను పలుమారు వింటిని. ఇది తప్పు కాదు, వ్యాకరణసమ్మతమే. అయినను వినువానికి పరాయిది. సంపూర్ణత కడపటి మెట్టున ఆగునది తరచుగ ఇట్టి చోట్లనే. తప్పని చెప్పుటకు వీలులేనిదానిని దిద్దువాడెవడు?

పసివానికి ఈ చిక్కు లేదు. అతనికి తొలగింపవలసిన పాత ఏర్పాటు లేదు. పెద్దవాడు ఖాళీ నేలపై ఇల్లు కట్టుట లేదు, కట్టిన ఇంటిలో గోడలు మార్చుచున్నాడు. వయసని మనము పిలుచుచున్నదానిలో ఒక పెద్ద భాగము మాతృభాషా సిద్ధియే.

5

రెండవ కారణము వినికిడి పరిమాణము, దాని స్వభావము. పసివాడు దినమునకు పది గంటలు భాష నడుమ నుండునని లెక్కించినచో, అయిదేండ్లకు 18,250 గంటలగును. దినమునకొక గంట పాఠము వినువాడు ఆ లెక్క చేరుటకు 50 ఏండ్లు పట్టును. రెండేండ్ల కోర్సు ముగించినవానిని పసివానితో పోల్చి నిందించుట న్యాయము కాదు.

ఆ గంటయందును మనము వినిపించునదేమి? తెలుగును వయోజనులకు బోధించుట మనకు క్రొత్త కాదు. చెన్నపట్టణమున 1812లో స్థాపింపబడిన సెయింట్ జార్జి కోట కళాశాల, కంపెనీ కొలువునకు వచ్చిన యువకులకు దేశభాషలు నేర్పుటకే ఏర్పడినది. 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణము ఆ యవసరమునకు పుట్టినదే. 1817లో ఆ పట్టణమున దిగిన సి. పి. బ్రౌనునకు అప్పటికి 18 ఏండ్లు నిండినవి; నేటి లెక్క ప్రకారము ద్వారము మూతపడు వేళకే ఆయన తెలుగు మొదలిడెను. అయినను 1829లో వేమన పద్యములను, 1840లో వ్యాకరణమును, 1850 తరువాతి దశకమున నిఘంటువులను ప్రకటించెను. ఆ నిఘంటువును నేటికిని తెలుగువారమే విప్పి చూచుచున్నాము. జూలూరి అప్పయ్య మొదలగు పండితుల సాహాయ్యము ఆయన కుండెను. అది ఆయన ఘనతకు కొరత కాదు, పెద్దవాడు నేర్చుకొను తీరునకు నిదర్శనము. పదసంపదకును గ్రంథావగాహనకును వయసు హద్దు కాదని చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు. ఇరువదవ యేటికి పిమ్మట ఆంగ్లము నేర్చి ఆ భాషలో మహానవలలు వ్రాసిన పోలండు దేశీయుడు జోసెఫ్ కాన్రాడ్ కడవరకు తన దేశపు యాసతోనే మాటలాడెను. ఒకే మనిషియందు ఒక పొర పరిపూర్ణము, ఒక పొర అసంపూర్ణము.

1907 ప్రాంతమున ఉత్తర సర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారిగ నుండిన జె. ఎ. యేట్స్ కథ దీనికి మరొక వైపు. జనుల వాడుకభాష నేర్వగోరిన ఆయన చేతికి వచ్చినవి గ్రాంథికమున నున్న పుస్తకములు. పుస్తకమున నేర్చినది వీధిలో వినబడదు. వీధిలో విన్నది పుస్తకమున నుండదు. ఇదేమని విశాఖపట్టణమున పి. టి. శ్రీనివాస అయ్యంగారిని ఆయన ప్రశ్నించెను. ఆ ప్రశ్న గురజాడ, గిడుగులను చేరి వ్యావహారిక భాషోద్యమమునకొక ప్రేరణయైనది. మన భాషాచరిత్రలో అంత పెద్ద మార్పునకు ఒక వయోజన విద్యార్థి ఇబ్బంది నాంది యగుట స్మరణీయము. ఆయనకు అడ్డుపడినది మెదడు కాదు. ఒక పేరున రెండు భాషలు నేర్పిన మన పద్ధతి. ఆర్డెన్ 1873లోనే తన వ్యాకరణమున వాడుకభాషను ముందుగ బోధించి, గ్రంథభాషను కడపటి భాగమునకు త్రోసియుండెను. ఈ పంక్తులు వ్రాయబడిన శైలియే చూడుడు: దీనిలో ఎవరును ఉప్పు అడుగరు. అయినను పరభాషీయునకు తొలిపాఠముగ ఇట్టి 'ము'కారాంత రూపములను, అక్షరమాలను, గుణింతములను ఇచ్చి, ఆరు నెలల పిమ్మట అతడు మాటలాడలేకున్నాడని వయసును నిందించుచున్నాము.

6

పెద్దవయసున పరభాష నేర్చిన తెలుగువారిలో గిడుగు రామమూర్తి పంతులుగారి కథ విశిష్టము. 1863లో జన్మించి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిన వారు ముప్పదవ యేటి ప్రాంతమున సవరభాష నేర్వబూనిరి. ఆ భాష ద్రావిడము కాదు, ముండా కుటుంబములోనిది. కంఠమూలమున ఊపిరిని క్షణకాలము బిగబట్టి విడుచు ధ్వని యందు కలదు. తెలుగున అట్టి వర్ణము లేదు. నామమును క్రియలోపల ఇముడ్చుకొను నిర్మాణమును తెలుగువానికి పరిచితము కాదు. కీలకకాల వాదము ప్రకారము వారికి సర్వద్వారములును మూతపడియుండవలెను.

అప్పటికి సవరకు లిపి లేదు, పాఠ్యపుస్తకము లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట నుంచుకొని వారు నేర్చుకొనిరి. అడవిలోని గూడెములకు పోయి జనులతో కలసి తిరిగిరి. అచ్చట సోకిన జ్వరమునకు వాడిన క్వినైను వలన వినికిడి చెడినది. ధ్వనులను వెదకి పోయినవారికి ధ్వనియే దూరమైనది. అయినను పని మానలేదు. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువు వెలువడినవి. పంతులుగారు సవరలలో సవరగ చెల్లిరా అను ప్రశ్న ఇచ్చట అప్రస్తుతము. సవర బాలురకు వారి భాషలో పాఠములు చెప్పించుట వారి గమ్యము. ఆ గమ్యమును వారు చేరిరి.

ఈ చరిత్రలో మూడు సంగతులు గమనింపదగినవి. పుస్తకము లేనందున వారు చెవితో మొదలిడవలసి వచ్చెను. ఆ భాష మాటలాడువారితో వారికి నిత్యసాంగత్యము కలిగెను. ఆ భాషతో వారికొక పని యుండెను. మన తరగతి గదులలో కొరవడుచున్నవి ఈ మూడే.

7

ఇక మార్గమధ్యమున నిలిచిపోవుటను గూర్చి. లారీ సెలింకర్ 1972లో దీనికి శిలీభవనమని అర్థమిచ్చు పేరు పెట్టిరి. విద్యార్థి భాష మాతృభాషయు కాక, నేర్చుచున్న భాషయు కాక, నడుమ నొక భాషగ రూపొంది, ఒకచోట గట్టిపడును. ఏ స్థానమున గట్టిపడును? పని జరుగుచున్న స్థానమున. తన మాట పదిమందికి అర్థమగుచు, జీతమునకు లోటు రాకున్నపుడు, 'గడి'కిని 'గడ్డి'కిని భేదము దిద్దుకొనుటకు పెద్దవానికి ప్రేరణ లేదు. పసివాడు తోడి పిల్లలవలె మాటలాడకున్నచో ఆటలో చేర్చుకొనరు. పెద్దవాని కట్టి శిక్ష లేదు.

ఇందు మన వంతును కలదు. పరభాషీయుడు రెండు తెలుగు ముక్కలు పలుకగనే "ఎంత బాగా మాట్లాడుతున్నారండీ" అని మెచ్చుకొని, మూడవ ముక్కకు మనమే ఆంగ్లమునకో హిందీకో మారిపోదుము. పెద్దమనిషి తప్పు దిద్దుట అమర్యాదయని భావింతుము. మర్యాదపేరున మనమే అతనికి భాషను నిరాకరించుచున్నాము.

8

కడపట, 'సంపూర్ణముగ' అను మాటను పరీక్షింపవలెను. రెండు భాషలు గలవాడు ఒకే శరీరమున నున్న ఇద్దరు ఏకభాషీయులు కాడని ఫ్రాన్స్వా గ్రోజాన్ 1989లో చెప్పిరి. ఒక భాష తప్ప ఎరుగనివానిని కొలబద్దగ నిలిపి, రెండు భాషలవాడు దానికి తగ్గెననుట కొలత దోషము. ఆ దోషము నేనును చేసితిని. తెలుగు నేర్చిన ఒక ఉత్తరదేశపు విద్యార్థినికి మౌఖిక పరీక్షయందు దీర్ఘములను, ద్విత్వములను తప్పినందుకు మార్కులు తగ్గించితిని. ఆమె అంతకుముందు నెలదినములు ఒక పల్లెలో నుండి, కౌలురైతులతో మాటలాడి, తన పరిశోధనకు కావలసిన సమస్తమును సేకరించుకొని వచ్చినదని ఆ పిమ్మట తెలిసినది. ఆ రైతులు ఆమెకు పెట్టిన పరీక్ష నేను పెట్టినదానికంటె కఠినము, అందామె ఉత్తీర్ణురాలైనది.

కావున కీలకకాల వాదము సర్వథా త్యాజ్యము కాదు. ఉచ్చారణయందును, వ్యాకరణసూక్ష్మములందును తొలివయసునకు గల మేలు నిజము. కాని వయసు ఒక కారణము కాదు. శ్రవణాభ్యాసము, మాతృభాషా సిద్ధి, వినికిడి లోటు, బోధనా లోపము, ప్రేరణాభావము, సంఘపు మొగమాటము అను పెక్కు కారణములకు మనమిడిన ఒక పేరు. వీనిలో మొదటి రెంటిని మార్చలేము. తక్కిన నాలుగును మార్చగలము. పరభాషీయులకు తెలుగు నేర్పునపుడు నోటిమాటను ముందుంచి లిపిని వెనుకకు జరుపుట, విద్యార్థి మాతృభాషనుబట్టి పాఠములను వేరుచేయుట, పలువురి కంఠములలో పలు మాండలికములను వినిపించుట, దిద్దుటకు వెనుదీయకుండుట మన చేతిలోని పనులు. అవి చేసి చూచిన పిదపగాని వయసు అడ్డమని చెప్పు అధికారము మనకు లేదు.